గొడుగు కోసం చేసిన ఫోను

శుక్రవారం రాత్రి పెరంబూరులో కరెంటు పోయి
ఫోనులో పదకొండు శాతం మిగిలినప్పుడు
రెండు యాప్‌లు తీసేశాను.
వ్రతమూ కాదు, శపథమూ కాదు,
పదిరోజులు చూద్దాం అనుకున్నాను, అంతే.
అంతకుముందు గంటసేపు
ముక్కూమొహం తెలియని ఒకాయనతో
సాంబారులో బెల్లం వెయ్యొచ్చా అని పోట్లాడాను.
నాకసలు సాంబారే ఇష్టం లేదు.

మొదటి రెండురోజులూ బొటనవేలు
అక్కడికే వెళ్ళేది,
ఖాళీ చేసిన అద్దె ఇంటికి
పాలవాడు వచ్చి గంట కొట్టినట్టు.
ఆ చోటులోకి గడియారం బొమ్మ జరిగింది.
ఇరవైసార్లు నొక్కి, ఇరవైసార్లు టైము చూశాను.
ఆఫీసుకి ఇంత కచ్చితంగా ఎన్నడూ వెళ్ళలేదు.

ఏదో తెలిసొస్తుందనుకున్నాను,
వాన వాసన, పిచ్చుకలు, అలాంటివేవో.
ఏమీ తెలిసిరాలేదు.
వ్యాసర్పాడి జీవాలో రైలు ఆగింది.
ఎదుటి సీటులో ఒకావిడ
మునక్కాడల కట్ట ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది.
ఇదివరకైతే ఫోటో తీసి, ఒక మాట అతికించి
నలుగురి ముందూ పెట్టేదాన్ని.
ఆవిడ నిద్రపోయింది. నేను దిగిపోయాను.

ఆరోరోజు తుఫాను అన్నాడు వాచ్‌మాన్.
బీరువా వెనకా తలుపు మూలా వెతికాను, గొడుగు లేదు.
నీలం గొడుగు, పిడికి దారం చుట్టింది,
కిందటేడు వకుళ పట్టుకెళ్ళింది.
చూళై ఇక్కడికి ఇరవై నిమిషాలు.
మేము కలిసి ఏడాది.
కలవకపోతేనేం, రోజూ చూసుకుంటూనే ఉన్నాంగా,
దాని ముగ్గులు నేను, నా కాఫీ కప్పులు అది,
ఎర్ర గుండెబొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటూ.

"ఏమే, నా గొడుగు దిగమింగేశావా?" అన్నాను.
అటువైపు మాట లేదు,
బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప.
బిందె నిండేకొద్దీ అదీ సన్నబడింది.
"నీకు తెలీదా?" అంది.

మంగళవారం
వాళ్ళమ్మ ఆండాళమ్మ పోయింది.

యాప్ తీసేశానని, చూడలేదని
ఏదో సాకు కూడగట్టుకుంటున్నాను.
"నిజంగా తెలీదా?" అంది మళ్ళీ.
ఆ గొంతులో కోపం లేదు.
ఎండన పడి నడిచి నడిచి
అరుగు కనబడ్డ మనిషి గొంతు అది.
"అందరికీ తెలుసే. మూడొందల మంది
చేతులు జోడించారు.
ఇంకెవరికీ నోటితో చెప్పే పని లేకపోయింది."

చెప్పింది. మొదట్నించీ చెప్పింది.
సోమవారం రాత్రి ఉప్మా అడిగిందట,
జీడిపప్పు లేదని అలిగి సగం వదిలేసిందట.
తెల్లారి నీళ్ళొచ్చాయని కేకేస్తే పలకలేదట.
ఆటో ఇళంగో రెండంతస్తులు ఎత్తుకుని దించి
కీల్పాక్ దాకా ఒక చేత్తో నడుపుతూ
ఒక చేత్తో కళ్ళు తుడుచుకున్నాడట.
వాణ్ణి ఆవిడ తిట్టని రోజు లేదు.
మధ్యలో వకుళ నవ్వింది.
మధ్యలో ఇద్దరం ఊరుకున్నాం,
వేలితో పైకి తోసెయ్యడానికి
అక్కడ ఏమీ లేదు.

యాభై నిమిషాలయ్యాక
"నీ గొడుగు అమ్మే వాడేది, రేషన్ షాపుకి.
ఒక ఊచ విరిగింది" అంది.
"ఉండనీ నీ దగ్గరే."
"వద్దు. వచ్చి తీసుకెళ్ళు."

తడుస్తూ వెళ్ళాను.

పదిరోజులూ గడిచాయి. అబద్ధమెందుకు,
రెండూ మళ్ళీ పెట్టుకున్నాను.
బెల్లం ఆయన మూడు పేరాలు రాసి ఉంచాడు,
అన్నీ చదివాను.
ఆండాళమ్మ ఫోటో కింద
జోడించిన చేతుల బొమ్మ దాకా వేలు వెళ్ళి
వెనక్కి వచ్చింది.

గొడుగు బాల్కనీలో ఆరుతోంది.
ఊచ విరిగిన వైపు గుడ్డ కాస్త వేలాడుతోంది.
బాగుచేసేవాడు అగరం వీధి మలుపులో ఉంటాడట.
ఇంకా తీసుకెళ్ళలేదు.